1024 అరలు

రాత్రి పొద్దుపోయాక అమీర్‌పేటలో గస్తీ పోలీసు ఎవరినైనా ఆపితే ముందు అడిగేది "ఎక్కడుంటావ్?" అనే. జవాబు చాలాసార్లు ఏదో ఒక హాస్టల్ పేరే. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్‌కి వచ్చిన పిల్లలు నెల అద్దెకు మంచం తీసుకుని ఉంటారు. పక్క మంచం మీది మనిషిది ఏ ఊరో తెలిసేలోపు ఖాళీ చేసి వెళ్లిపోతాడు.

1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ కూడా ఊరూ పేరూ తెలియని జనంతో నిండిన పేటే. కాకపోతే అక్కడ కటిక దరిద్రం. రాత్రికి నాలుగు పెన్నీలిస్తే మంచం, లేకపోతే వీధి. ఆగస్టు 31 తెల్లవారుజామున మేరీ ఆన్ నికోల్స్ అనే ఆమె శవం దొరికిన బక్స్ రో వీధిలో, అంతకు అరగంట ముందే కానిస్టేబుల్ గస్తీ తిరిగి వెళ్లాడు. ఏమీ కనబడలేదు. సెప్టెంబరు 30న మరో హత్య తర్వాత గోడ మీద యూదుల పేరెత్తిన సుద్దరాత దొరికితే, వాళ్ల మీద అల్లర్లు రేగుతాయన్న భయంతో పోలీసు కమిషనర్ వారెన్ ఫొటో కూడా తీయనివ్వకుండా చెరిపించాడు. ఈ హత్యలు చేసిన జాక్ ది రిప్పర్ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఆ హత్యలకు రెండేళ్ల ముందు హెన్రీ ఫాల్డ్స్ అనే డాక్టరు వేలిముద్రలతో దొంగల్ని పట్టొచ్చని లండన్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు పట్టించుకోలేదు. పట్టించుకున్నా అప్పటికి ఒరిగేది తక్కువేలెండి. ముద్ర వేయించుకోవడం ఎంతసేపు? వేల కాగితాల్లో దాని జోడు వెతకడమే గండం.

ఆ గండం గట్టెక్కింది కలకత్తాలో. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ పది వేళ్లను అయిదు జంటలు చేశారు. సుడి ఉన్న వేలికి దాని జంటను బట్టి 16, 8, 4, 2, 1 అని విలువ కట్టారు. లెక్కవేస్తే 32 ఇంటూ 32, మొత్తం 1024 అరలు. కొత్త కాగితం వస్తే ఏ అరలో వెతకాలో దాని సుడులే చెబుతాయి. 1897లో అక్కడే వేలిముద్రల బ్యూరో తెరిచారు. ఆ ఏడాదే జల్పాయిగురిలో ఓ తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడి పంచాంగం మీద రక్తపు వేలిముద్ర ఉంది. అది బ్యూరోలో ఉన్న పాత దొంగ ముద్రతో సరిపోయింది. కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది గానీ హత్యానేరం మాత్రం కొట్టేసింది.

1901లో హెన్రీతోపాటు ఈ పద్ధతి స్కాట్లండ్ యార్డ్‌కు చేరింది. 1905లో బ్రిటన్‌లో మొదటిసారి ఓ హత్య కేసులో వేలిముద్ర ఉరి వేయించింది.

2017లో తెలంగాణ పోలీసులు తెచ్చిన పాపిలాన్ అనే కంప్యూటర్ వేలిముద్రల వ్యవస్థలో అరలూ లేవు, కాగితాలూ లేవు. వెతికే పని కంప్యూటరే చేసిపెడుతుంది.

హక్, బోసులకు బిరుదులిచ్చారు, డబ్బిచ్చారు. పద్ధతికి మాత్రం హెన్రీ పేరే పెట్టారు. నన్నడిగితే అది హక్-బోస్ పద్ధతి.