వరుస వచ్చింది, గీత రాలేదు

భూమి లెక్కకు రెండు అంగాలు. మొదటిది వరుస: సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఎకరాలు, గుంటలు. రెండవది గీత: ఆ ఎకరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూపే పటం. మా నవీపేట పసుపు చేలు మొదలుకొని తెలంగాణమంతటా, లెక్కల పుస్తకం మారిన ప్రతిసారీ వరుసే ముందు నడిచింది, గీత వెనుకబడింది.

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలాన (1853–83) బొంబాయి పద్ధతి ననుసరించి భూమాపనం ఆరంభమైంది. కొలతకు 33 అడుగుల గొలుసు, ఆ గొలుసుకు 16 అణాలు. గొలుసెడు పొడవు, గొలుసెడు వెడల్పు గల చదరం గుంట. అట్టివి 40 అయితే ఎకరం. చేని కొలతల చిత్రం టిప్పన్, విస్తీర్ణమూ శిస్తూ తెలిపేది సేత్వార్, ఊరంతటి పటం నక్షా. ఈ మూడూ పరస్పర సాక్షులు.

1954–55లో ఖాస్రా పహాణీ వచ్చింది. ఏ భూమి ఎవరి చేతిలో ఉన్నదో అందులో నమోదైంది; అది రైతుకు గొప్ప మేలే. అయితే తరువాతి తరాలలో అన్నదమ్ములు చేను పంచుకొన్నప్పుడు పహాణీలో నంబరు ప్రక్కన ‘అ’, ‘ఆ’ అని అక్షరాలు చేరినంత సులువుగా టిప్పన్‌లో కొత్త గీతలు పడలేదు. రెండెకరాల పది గుంటలు కాగితం మీద నిశ్చయం. గట్టు దగ్గర వివాదం.

2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘భూభారతి’ పేరిట పునఃసర్వేకు మన నిజామాబాద్ జిల్లానే ప్రయోగక్షేత్రంగా ఎన్నుకొంది. ఆ పని రాష్ట్రమంతటికీ విస్తరించలేదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకేచోట జరగడం మెచ్చదగినదే. కాని అమ్మిన ముక్కకు కొలిచిన పటం జతచేయడం అందులో తప్పనిసరి కాలేదు.

కంప్యూటరు శాస్త్రంలోనూ ఇట్టి ఘట్టమే ఉన్నది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకు పటాలను గ్రహించే శక్తి పుట్టుకతో లేదు. 2001లో వెలువడిన పోస్ట్‌జీఐఎస్ అనే అనుబంధం దానికి ఆ శక్తి నిచ్చింది. పాత డేటాబేసును కొత్త కూర్పులోనికి మార్చునపుడు, ఆ అనుబంధాన్ని కొత్త ఇంట ముందుగా ప్రతిష్ఠించాలి. లేకున్న పేర్లూ అంకెలూ మాత్రమే గల పట్టికలు దిగుతాయి. హద్దుల గడి ఉన్న పట్టిక నిలువదు. యంత్రం దోషం చూపి ఆ పట్టికను వదిలేస్తుంది.

గమనింపదగిన భేదం ఇదే. గీతకు చోటు లేనిదే యంత్రం ఆ పట్టికను స్వీకరించదు. మన దస్తావేజులు మాత్రం గీత లేకుండానే సాగిపోయాయి. ఆగవలసిన దోషం రైతు గట్టు మీద కలహమై తేలింది.

2025 ఏప్రిల్ 14న తెలంగాణలో భూభారతి మళ్లీ ఆ పేరుతోనే, ఈసారి చట్టంగా అవతరించింది. రిజిస్ట్రేషనుకు సర్వే పటం జతచేయాలన్న నియమం అందులో చేరింది. నక్షాలే లేని గ్రామాలు 413 అని ప్రభుత్వమే ఆ ఏడు లెక్క చెప్పింది. గీతకు ముందుగా చోటు కల్పించి, ఆ పిదప వరుసను తరలించాలి. ఆ క్రమం తప్పితే పుస్తకం ఎన్నిసార్లు మారినా గట్టు తగాదా మారదు.