పాత ట్రాక్టరుకు హైడ్రాలిక్ పరికరాలా.. జాగ్రత్త సుమా!
ఆయిల్ గొట్టం బిగించే ముందు తెలుసుకోవాల్సినవివీ..

పాత ట్రాక్టరుకు తొట్టి ఎత్తే ట్రక్కు, తిరగేసే నాగలి వంటి పరికరాలను అమర్చుకునే రైతులు కొన్ని మెలకువలు పాటించాలి. గొట్టం బిగిస్తే పని పూర్తయినట్లు కాదు. పొరపాటు జరిగితే గేరుబాక్సు దెబ్బతింటుంది. ప్రాణాలకూ ముప్పు వాటిల్లుతుంది.

ఒక దారా.. రెండు దారులా?
పాత ట్రాక్టర్లలో చాలావాటికి లిఫ్టు నుంచి ఆయిల్ బయటకు వచ్చే దారి ఒక్కటే ఉంటుంది. ట్రక్కు తొట్టికి ఇది చాలు. జాకీ తొట్టిని పైకి నెడుతుంది, దించేటప్పుడు బరువుకే ఆయిల్ వెనక్కి వస్తుంది. హైడ్రాలిక్‌తో తిరగేసే నాగలికి, లోడరుకు మాత్రం రానుపోను రెండు దారులు కావాలి. వీటికి విడిగా డబుల్ యాక్టింగ్ వాల్వు అమర్చుకోవాలి.

ఆయిల్ లెక్క
చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకు, లిఫ్టుకు ఒకటే ఆయిల్. 10 సెంటీమీటర్ల లోపలి వ్యాసంతో మీటరు పొడవు సాగే జాకీ నిండటానికి దాదాపు 8 లీటర్లు పడుతుంది. ఆ మేరకు గేరుబాక్సులో ఆయిల్ తగ్గుతుంది. జాకీ పూర్తిగా సాగినపుడు ఆయిల్ కింది గీత కంటే తగ్గకూడదు. దించినపుడు పై గీత దాటకూడదు. మరొకరి ట్రక్కును తగిలిస్తే అందులోని మురికి ఆయిల్ సొంత ట్రాక్టరులోకి చేరుతుందని గుర్తుంచుకోవాలి.

బిగించే పద్ధతి
* లిఫ్టును నేలకు దించి, ఇంజిను ఆపి, మీటను కదిపి ఒత్తిడి తగ్గించాలి.
* కప్లర్ల రెండు కొసలనూ శుభ్రమైన గుడ్డతో తుడవాలి.
* మలుపుల్లో లాగకుండా గొట్టాన్ని కాస్త వదులుగా ఉంచాలి. పీటీఓ షాఫ్టుకు తగలనీయరాదు.
* తొట్టిని ఖాళీగా నాలుగైదు సార్లు ఎత్తి దించి, గాలి పోయాక ఆయిల్ మట్టం మళ్లీ చూడాలి.

ప్రమాదాలు ఇలా..
కారుతున్న చోటును చేత్తో తడమరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. సన్నని రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూదిమొనంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు, చెయ్యి తొలగించాల్సి రావచ్చు. ఎత్తిన తొట్టి కిందకు గట్టి ఊతం లేకుండా వెళ్లరాదు. విద్యుత్తు తీగల కింద తొట్టి ఎత్తరాదు.

ట్రాక్టర్ల వాడకం, మరమ్మతులపై అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థలో రైతులకు శిక్షణ ఇస్తారు.