చమురు డిపోలో వాననీటికి కాపలా

పెట్రోలు, డీజిలు నిల్వ చేసే డిపోలోంచి బయటికి పోయేవి రెండు. ట్యాంకర్లలో ఇంధనం పోతుంది. దానికి లీటరు లెక్క ఉంటుంది. కాలువల్లో నీళ్లు పోతాయి. వాటికీ లెక్క చెప్పి తీరాలని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. ఆ తొంభై ఏళ్లలో నదులు ఏం మోశాయో తెలిస్తే, ఆలస్యం ఖరీదు ఎంతో అర్థమవుతుంది.

ఇంధనం ఉండే చోట నీళ్లకేం పని అనిపించవచ్చు. పని చాలానే ఉంది. ట్యాంకులోని గాలిలో ఉన్న తేమ చల్లబడి నీరవుతుంది. డీజిలు కంటే నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడూ వదిలేయాలి. ఇంధనం కింద నానిన ఆ నీటిలో బెంజీన్ లాంటి విషాలు కరిగి ఉంటాయి. పెద్ద ట్యాంకులకు చాలావాటికి ఇంధనం మీదే తేలుతూ, మట్టాన్ని బట్టి లేస్తూ దిగుతూ ఉండే కప్పు ఉంటుంది. దాని మీద పడిన వాన, ఇంధనం మధ్యలోంచి వేసిన గొట్టం ద్వారా కిందికి దిగుతుంది. ఆ గొట్టానికి చిల్లు పడితే వానతోపాటు ఇంధనమూ దిగుతుంది. ఇక ట్యాంకు పగిలినా సరుకు బయటికి పోకుండా చుట్టూ కట్టిన డైకు గోడ వాననీటిని కూడా ఆపేస్తుంది. దాన్ని బయటికి పంపాలంటే గోడకో తూము ఉండాలి. తూముకో వాల్వు ఉండాలి. గోడ ఎంత గట్టిదైనా ఆ వాల్వు తెరిచి ఉంటే లేనట్టే.

అమెరికాలో మొదటి చట్టం 1899లో వచ్చింది. నదుల్లో, రేవుల్లో చెత్త పారబోయకూడదంది. ఆనాటి ప్రధాన చింత పడవలు సాఫీగా తిరగడం గురించి. తాగేనీళ్ల మీద, చేపల మీద కాదు. ఆ పాత చట్టమే 1960లలో ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది కేసులో అక్కరకొచ్చింది. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రేవులో ఓ వాల్వు పొరపాటున తెరిచి ఉండిపోయింది. విమానాల్లో వాడే మేలురకం పెట్రోలు నదిలో కలిసింది. అది డబ్బులు పెట్టి కొనే సరుకు, చెత్త ఎలా అవుతుందన్నది కంపెనీ వాదన. కింది కోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1966లో ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచిన తీర్పును జస్టిస్ విలియం డగ్లస్ రాశారు. అడవులూ కొండలూ కాలినడకన తిరిగిన మనిషి ఆయన. సరుకుగా దాని విలువ ఎంతైనా, నదికి అది చేసే చెరుపు ఒకటేనని తేల్చారు. చమురు కాలుష్యం మీద తర్వాత వచ్చిన కట్టడి చాలామటుకు ఈ చూపులోంచే పుట్టిందని నాకనిపిస్తుంది. సొంతదారు నష్టం కాదు, నీటి నష్టమే కొలబద్ద అయింది.

1970లో మరో అడుగు పడింది. చమురు ఎంత కలిస్తే నేరం? గ్యాలన్లలో చెప్పబోతే కొలిచేదెవరు, ఎప్పుడు? అందుకని నీటి మీద రంగులు తేలే నూనె తెట్టు కనబడితే చాలు, ఉల్లంఘనే అన్నారు. ప్రయోగశాల అక్కర్లేదు. ఒడ్డున గాలం వేసుకు కూర్చున్న మనిషి కూడా పట్టుకోగలడు. ఇంత సులువైన నియమం పర్యావరణ చట్టాల్లో అరుదు.

1972 నాటి స్వచ్ఛజల చట్టం పైపులోంచి వదిలే ప్రతి చుక్కకూ అనుమతి ఉండాలంది. 1973 నాటి నియమాలు నేరుగా డైకు తూము దగ్గరికే వచ్చాయి. వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. చేత్తో తెరిచేదై ఉండాలి. నీటి ఒత్తిడికి తనంతట తాను తెరుచుకునే రెక్క వాల్వులు పనికిరావు. తెట్టు లేదని మనిషి కళ్లారా చూశాకే నీళ్లు వదలాలి. వదిలిన సంగతి పుస్తకంలో రాయాలి. ఇంజనీర్ల అద్భుతాలేవీ ఇందులో లేవు. వానలో తడుస్తూ వెళ్లి, చూసి, తిప్పి, మళ్లీ మూసి, సంతకం పెట్టే ఉద్యోగి మీద నమ్మకం ఉంది.

అయినా మొనాంగహీలా నది తప్పించుకోలేకపోయింది. 1988 జనవరి 2, శనివారం. పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్‌లో, నది పక్కనే ఉన్న యాష్‌లాండ్ ఆయిల్ డిపోలో 40 లక్షల గ్యాలన్లు పట్టే ట్యాంకుకు డీజిలు ఎక్కిస్తున్నారు. ఒహాయోలో దశాబ్దాలపాటు పనిచేసిన పాత ట్యాంకు అది. విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ అతికించారు. నిండుగా నింపడం అదే మొదటిసారి. అంచుదాకా నీళ్లు పోసి పరీక్షించే పని అంతకుముందు చేయలేదు. చలికి ఉక్కు పెళుసుబారింది. అడుగు భాగంలోని చిన్న లోపం దగ్గర చీలిక మొదలై ట్యాంకు నిలువునా విచ్చుకుంది. కోటీ నలభై లక్షల లీటర్లకు పైగా డీజిలు ఒక్కసారిగా ఎగసి డైకు కట్టల మీదుగా దూకేసింది.

ఆ ఉప్పెనలో ఎక్కువ భాగం నేల మీదే ఆగింది. నదికి దారి చూపింది మాత్రం పక్క స్థలంలో మూత లేని ఓ వాననీటి కాలువ. సుమారు 28 లక్షల లీటర్లు దాని గుండా తిన్నగా నదిలోకి పోయాయి. తర్వాత జరిగింది ఇంకా ఘోరం. డీజిలు నీటి మీద తేలుతుందని, తెప్పల్లాంటి అడ్డుకట్టలు వేసి ఆపవచ్చని అందరూ అనుకుంటారు. కానీ నది ఆనకట్టల మీంచి దూకినప్పుడు నూనె నీటిలో చిలికినట్టు కలిసిపోయింది. పైనుంచి అడుగుదాకా అంతటా పరుచుకుంది. ఊళ్లకు నీళ్లు తోడే గొట్టాలు ఉండేది నీటి మట్టానికి కిందనే. మొనాంగహీలా నుంచి ఒహాయో నదిలోకి, పెన్సిల్వేనియా నుంచి వెస్ట్ వర్జీనియా, ఒహాయో రాష్ట్రాలకు ఆ నూనె ప్రయాణించింది. దాదాపు పది లక్షల మంది తాగే నీటి వనరులు కొంతకాలం పాడయ్యాయి. గడ్డకట్టే చలిలో పిట్స్‌బర్గ్ శివార్ల జనం నీళ్లకోసం వరుసల్లో నిలబడ్డారు. ఎన్ని పక్షులు, ఎన్ని చేపలు పోయాయో నది ఒక్కదానికే తెలుసు. కంపెనీకి పడిన జరిమానా 22.5 లక్షల డాలర్లు.

దీన్నుంచి పాఠం నేర్చుకుని పెన్సిల్వేనియా 1989లో ట్యాంకుల చట్టం తెచ్చుకుంది. పాత ట్యాంకుల తనిఖీ, మరమ్మతు, తరలింపులకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1991లో ప్రత్యేక ప్రమాణం ప్రకటించింది. ఈలోగా వాననీటి కథ వేరే దారిలో నడిచింది. పరిశ్రమల ఆవరణల్లోంచి పారే వాననీటికీ అనుమతి తప్పనిసరి చేస్తూ 1987 ఫిబ్రవరిలో, అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిరాజని మరీ, అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ చట్టం అమలు నియమాలు వచ్చింది 1990 నవంబరులో. ఫ్లోరెఫ్‌లో పారింది వాన కాదు, నిజమే. కానీ డిపో చుట్టూ ఏ కాలువ ఎక్కడ మొదలై ఏ నీటిలో కలుస్తుందో గీసి పెట్టుకోవడం ఎంత అవసరమో అంతకంటే గట్టిగా చెప్పిన ఘటన లేదు.

డైకు గోడ ఆపిన వాననీటిని శుభ్రం చేయడానికి డిపోల్లో ఉండేది చాలామటుకు నూనె వేరుచేసే తొట్టె. నీళ్లు నెమ్మదిగా సాగుతుంటే నూనె బొట్లు పైకి తేలతాయి, పైపైన తీసేస్తారు. పెద్ద బొట్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. నీటిలో కరిగిపోయిన బెంజీన్‌ను ఆపలేదు. సబ్బునీళ్లో, మంటలార్పే నురగో కలిస్తే నూనె పొడిపొడిగా చెదిరి తొట్టెను దాటేస్తుంది. 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపో పేలినప్పుడు ఈ నురగే కొత్త చిక్కు తెచ్చింది. రోజుల తరబడి చల్లిన నీరు, నురగ, ఇంధనం కలిసి డైకు గోడల అతుకుల్లోంచి కారి సున్నపురాతి పొరల్లోని భూగర్భజలాన్ని చేరాయి. మంట ఆర్పిన నీళ్లనూ పట్టి ఉంచే చోటు ఎంత అవసరమో ఆ ఘటన గట్టిగా చెప్పింది.

మన దేశంలో జల కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. లోతట్టు జలాల్లోకి వదిలే వ్యర్థజలంలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్ర తీరంలో అయితే 20. అంకెలు కఠినమైనవే. కానీ ఎండాకాలంలో సీసాలో పట్టిన నమూనా చెప్పేది ఒకటి, తుపాను రాత్రి తూము చెప్పేది ఒకటి. విశాఖ లాంటి తీరంలో, 1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊళ్లో, హుద్‌హుద్ తుపాను చూసిన జనానికి ఆ తేడా విడమరచి చెప్పక్కర్లేదు. పరీక్ష ఫలితాలతోపాటు వాల్వు తెరిచిన వేళల పుస్తకం కూడా చుట్టుపక్కల జనం అడిగి చూసుకునేలా ఉండాలి.

వానే మారిపోతుంటే ఏంచేయాలన్నది ఇప్పటి ప్రశ్న. బోస్టన్ పక్కన ఎవరెట్‌లో మిస్టిక్ నది ఒడ్డున అప్పట్లో ఉన్న ఎక్సాన్‌మొబిల్ టెర్మినల్ మీద 2016లో కన్జర్వేషన్ లా ఫౌండేషన్ దావా వేసింది. పెరిగే సముద్రమట్టాన్నీ కుండపోత వానల్నీ లెక్కలోకి తీసుకోకుండా ఆ డిపోను నడుపుతున్నారన్నది ఆరోపణ. ఆ ప్రాంతంలో కాలువలు, తొట్టెల కొలతలకు చాలాకాలం ఆధారమైంది 1961లో వాతావరణ శాఖ అచ్చేసిన వర్షపాత పటాలు. వాటి స్థానంలో కొత్త లెక్కలు వచ్చింది 2015లో. ఈ రెండిటి మధ్య యాభై నాలుగేళ్లలో కట్టిన కాలువలు చాలావరకు ఇంకా పాత వాన కొలతలతోనే నీళ్లు మోస్తున్నాయి.