చచ్చినవారు లేచివచ్చే కథలు – చదువరుల తీర్పులు

చెన్నూరు వద్ద గోదావరి కొంత దూరం ఉత్తరాభిముఖంగా ప్రవహిస్తున్నది. దానిని పంచక్రోశ ఉత్తరవాహిని అని పెద్దలు పవిత్రంగా ఎంచినారు. గతించినవారికి గోదావరి ఒడ్డున తిలోదకాలు విడిచి సాగనంపడం మన ఆచారం. అట్లు సాగనంపినవారు మరల లేచివస్తే? ఈ ఊహపై అల్లిన కథలను చదివినవారు ఏమన్నారు, ఎందుకట్లు అన్నారు అన్నది నేటి ప్రస్తావన.

మన బేతాళుడు శవంలో ప్రవేశించి మాటాడుతాడు. కాని విక్రమార్కుని ఏమీ చేయడు. కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు. అందుచేతనే ‘చందమామ’లో ఆ కథలు చదివిన పిల్లలు శవాన్ని మరచి, ప్రశ్నకు జవాబు వెదుక్కున్నారు.

జాంబీ కథ పుట్టుక వేరు. హైతీ దేశంలో ఫ్రెంచివారి చక్కెర తోటలలో ఆఫ్రికా బానిసలు చాకిరీ చేసినారు. 1804లో ఆ దేశం స్వతంత్రమైనది. మాంత్రికుడు సమాధి నుండి లేపి పని చేయించుకునే శవమే అక్కడివారి నమ్మకంలో జాంబీ. వారు భయపడినది జాంబీని చూచి కాదు, తామే జాంబీలు కావలసి వచ్చునేమోనని. చచ్చినా బానిసత్వం తప్పదన్నదే ఆ భయం. 1929లో సీబ్రూక్ రచన ద్వారా ఈ మాట అమెరికాలో ప్రచారమైనది. 1968లో రొమేరో తీసిన చలనచిత్రంతో ఆ దీనుడు మనుషులను తినే మూకగా మారినాడు. 2006లో మాక్స్ బ్రూక్స్ నవల ఆ మూకతో లోకమంతా చేసిన యుద్ధాన్ని వర్ణించినది. బానిస బ్రతుకు ఎరిగినవారికి జాలి కలిగించిన కథ, ఎరుగనివారికి కేవలం భీతి కథ అయినది. 2021లో తెలుగులోనూ ‘జాంబీ రెడ్డి’ చిత్రం వచ్చినది. అక్కడ భయం సగం, నవ్వు సగం.

మన పాఠకులు ఈ విషయమై గట్టిగా వాదించుకున్నది మాత్రం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ గురించి. 1980 దశకం తొలినాళ్ళలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికంగా వచ్చిన ఆ నవలలో, ఆస్తి కొరకు తులసి అనే చిన్నపిల్లపై కాష్మోరా అనే క్షుద్రప్రయోగం జరుగుతుంది. తరువాతి సంచిక కొరకు ఎదురుచూచినవారు అసంఖ్యాకులు. చదివించే గుణమే గొప్పదని వారి మాట. ఇది మూఢనమ్మకాలకు ఊపిరి పోయునని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించినారు. కథను కథగా చూడరాదా అని ఒక పక్షం; నమ్మేవాడికి అది కథ కాదే అని మరొక పక్షం.

ఈ రెండవ మాట బరువు పట్టణాలలో కంటె కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఎక్కువగా తెలిసివచ్చును. ఇక్కడ బాణామతి, చేతబడి అన్నవి పుస్తకంలోని మాటలు కావు. ఇంట బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, గొడ్డు చచ్చినా ‘ఎవరు చేసినారు?’ అన్న ప్రశ్న పుట్టేది. వేలు ఎక్కువగా ఒంటరి ముసలివారి వైపు, పేదవారి వైపు చూపేది. మంత్రం పలుకకుండా పళ్ళు ఊడగొట్టిన ఘోరాలు తెలంగాణ పల్లెలలో జరిగినవి. మంత్రాల నెపంతో ప్రాణాలు తీసిన కేసులు ఈ శతాబ్దంలోనూ నమోదైనవి. ప్రాణహిత ఆవలి ఒడ్డున ఉన్న మహారాష్ట్ర, దభోల్కర్ హత్యానంతరం 2013లో చేతబడి పేరిట సాగే దురాచారాలపై ప్రత్యేక శాసనం చేసినది.

అట్లని భయానక రసం సాహిత్యానికి తగదనలేము. నవరసాలలో దానికి పూర్వులే పీట వేసినారు. భయపడి, పుస్తకం మూసి, దీపమార్పి నిద్రించగల పాఠకుని తీర్పు ఒకటి. అదే భయం తెల్లవారి పొరుగింటి ముసలమ్మ గుమ్మం ముందు గుంపుగా నిలుస్తుందని ఎరిగినవాని తీర్పు వేరు. ఈ రెండవవాడు రసజ్ఞత లేనివాడు కాడు. మొదటివాడు చూడనిదానిని అతడు కన్నులారా చూచినాడు. ఇటువంటి నవలపై మీ ఇంట వాదన రేగినప్పుడు, అతని మాటను కూడా ఆలకించవలెనని నా మనవి.