తోడేళ్ళకు గజ్జి అంటించిన చట్టం

1905లో అమెరికాలోని మోంటానా రాష్ట్ర శాసనసభ ఒక విడ్డూరమైన చట్టం చేసింది. రాష్ట్ర పశువైద్యాధికారి తోడేళ్ళనూ, వాటికి దాయాదులైన కొయోటీలనూ పట్టి తెప్పించి, గజ్జి అంటించి, మళ్ళీ బయటికి వదిలెయ్యాలి. రోగం పట్టిన తోడేలు పోయి తన గుంపులో కలుస్తుంది, గుంపంతటికీ తగిలిస్తుంది, చలికాలం వచ్చేసరికి బొచ్చూడిపోయి అన్నీ చస్తాయి. లెక్క అది. రోగం కుదర్చాల్సిన వైద్యుడి చేతే రోగం అంటింపజేసిన ఈ పథకం 1916 దాకా సాగింది. ఆ పదవి నిర్వహించిన ఎం.ఇ. నోల్స్ 1914లో పశుపోషకుల పత్రికలో దీని గురించి వ్యాసమే రాశాడు. ఇందులో దాచుకోవలసింది ఏదో ఉందని అప్పట్లో ఎవరికీ తోచినట్టు లేదు.

ఆ కసికి వెనక కథ ఉంది. మైదానాల్లో లక్షలాదిగా తిరిగిన బైసన్ మందలను వేటగాళ్ళు 1880లు ముగిసేలోపే దాదాపు తుడిచిపెట్టేశారు. ఆ గడ్డి నేలల్లోకి ఆవులూ గొర్రెలూ దిగాయి. నోటిదగ్గర తిండి పోయిన తోడేలు దూడల మీద పడింది. 1883 నుంచి 1918 వరకు మోంటానాలో 80 వేలకు పైగా తోడేళ్ళను చంపినందుకు బహుమానపు సొమ్ము చెల్లించారు. తుపాకీ, ఇనుప ఉచ్చు, స్ట్రిక్నిన్ విషం కూరిన మాంసం ముక్క అన్నీ వాడారు. గజ్జి వాటికి తోడు వచ్చిన ఆయుధం మాత్రమే. తోడేళ్ళను రూపుమాపిన ఘనత దానికి కట్టబెట్టడం ఎక్కువే అవుతుంది, విషమూ ఉచ్చులూ ఆ పనికి చాలు. పక్కనే ఉన్న ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో కూడా 1926 నాటికి తోడేళ్ళ గుంపులను మట్టుబెట్టేశారు.

మోంటానా వాళ్ళకు ఈ ఆలోచన గాలిలోంచి ఊడిపడలేదు. గజ్జికి కారణం చెడు రక్తం కాదు, కంటికి ఆనీ ఆనని ఓ పురుగు అని ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు 1687లోనే సూక్ష్మదర్శినితో చూసి చెప్పారు. పెద్ద వైద్యులెవరూ నమ్మలేదు. 1834లో పారిస్‌లో రెనూచీ అనే కోర్సికా కుర్రాడు, తన ఊళ్ళో ఆడవాళ్ళు చేసే పద్ధతిలోనే, రోగి చర్మంలోంచి పురుగును సూదిమొనతో తీసి అందరి ఎదుటా చూపించాక వివాదం సద్దుమణిగింది. మోంటానా చట్టం వచ్చేనాటికి పశువైద్యులకు ఈ పురుగుల గుట్టంతా తెలుసు. ఇంకో తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే రోజుల్లో అమెరికా ప్రభుత్వం గొర్రెలకూ పశువులకూ పట్టే గజ్జిని వదిలించడానికి వాటిని మందునీళ్ళ తొట్లలో ముంచి తీయిస్తోంది.

పురుగు చేసే పని దగ్గరగా చూడాలి. ఆడపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తొలుచుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ పోతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి, రెండు మూడు వారాల్లో పిల్లలు పెద్దవై మళ్ళీ అదే వరస. దురదకు ముఖ్య కారణం కుట్టడం కాదు. పురుగునూ దాని మలాన్నీ ఒళ్ళు సహించలేకపోవడం. తోడేలు గోకుతుంది, కొరుక్కుంటుంది, బొచ్చు పాయలుపాయలుగా రాలుతుంది, చర్మం మందమై పగుళ్ళు బారుతుంది. మన వీధుల్లో ఇలాంటి కుక్క కనిపిస్తే చీదరించుకుని తప్పుకుంటాం. కానీ మన ఎండల్లో అది ఎలాగో బతికేస్తుంది. సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన, మంచుగాలిలో, బొచ్చు లేని తోడేలు సంగతి వేరు.

తోడేళ్ళు పోయినా పురుగు పోలేదు. కొయోటీల్లోనూ నక్కల్లోనూ కాపురం పెట్టి కాలం గడిపిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈలోగా మనిషి మనసు మారింది. అలాస్కాలో అడాల్ఫ్ మ్యూరీ 1939 నుంచి మూడేళ్ళు తోడేళ్ళను వాటి బొరియల దగ్గరే కనిపెట్టి చూసి 1944లో పుస్తకం తెచ్చాడు. అక్కడే రాబర్ట్ రాష్ తోడేళ్ళ పేగుల్లోని పురుగులను జాబితాలకెక్కించాడు. తోడేలు పేగులో బద్దెపురుగు, దాని గుడ్లు పడిన గడ్డి తిన్న జింక ఊపిరితిత్తుల్లో నీటితిత్తి, ఆ జింకను తిన్న తోడేలులో మళ్ళీ బద్దెపురుగు: ఈ చక్రం తోడేలును పెద్దగా బాధించదు. జబ్బుపడేది జింకే.

1995లో 14, మరుసటి ఏడు 17 తోడేళ్ళను కెనడా నుంచి తెచ్చి ఎల్లోస్టోన్‌లో వదిలారు. తెచ్చేముందు పురుగుల మందు కూడా పట్టించారు. పదేళ్ళు బాగానే గడిచింది. 2007లో మోలీస్ అనే గుంపులో గజ్జి కనిపించింది. అక్కణ్ణుంచి గుంపు గుంపుకూ పాకింది. ఒకప్పుడు 37 తోడేళ్ళతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన డ్రూయిడ్ గుంపు 2010 వసంతం నాటికి లేకుండా పోయింది. గజ్జి ఒక దెబ్బ, ఇతర గుంపులతో కొట్లాటలు ఇంకో దెబ్బ.

ఆ తర్వాత జరిగిన పరిశోధనే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం. పాల్ క్రాస్ బృందం వేడిని పసిగట్టే కెమెరాలతో తోడేళ్ళ ఒంటినుంచి ఎంత వేడి పోతోందో కొలిచింది. గజ్జి ముదిరిన తోడేలు ఒక్క చలికాలపు రాత్రిలో 1240 నుంచి 2850 కిలోకేలరీలు అదనంగా పోగొట్టుకుంటుంది. మామూలు తోడేలుకు పోయే వేడి మీద ఇది 65 నుంచి 78 శాతం అదనం. అంటే ఇంకా ఎక్కువ వేటాడాలి, కానీ గజ్జి పట్టినది తక్కువే తిరుగుతుంది. మరి తిండి ఎవరు పెడతారు? ఎమిలీ ఆల్మ్‌బెర్గ్ బృందం 2015లో ఇచ్చిన జవాబు: గుంపు. ఒంటరిగా తిరిగే రోగిష్టి తోడేలుకు చావు ముప్పు ఆరోగ్యవంతమైన దానికంటే అయిదు రెట్లు. చుట్టూ ఒళ్ళు బాగున్న తోటి తోడేళ్ళు ఉంటే ఆ ముప్పు చాలావరకు తగ్గిపోతుంది. బహుశా వేట అవి చేస్తాయి, ఇది తింటుంది. గుంపు రోగాన్ని మోసుకుపోతుందని 1905 నాటివాళ్ళు వేసిన లెక్క తప్పు కాదు. రోగిని కూడా అదే మోస్తుందన్నది వాళ్ళ లెక్కలోకి రాలేదు.

ఉద్యానవనం వాళ్ళు ఈ తోడేళ్ళకు వైద్యం చెయ్యలేదు, అడవి జబ్బు అడవికే వదిలెయ్యాలన్నది వాళ్ళ పద్ధతి. చట్టం చేసి మరీ తెచ్చిన పురుగును ప్రకృతి ఖాతాలో వేయడం ఎంతవరకు సబబో నాకు అర్థం కాదు. అయితే వందల చదరపు మైళ్ళలో తిరిగే గుంపులకు పదేపదే మందు పట్టించడం కూడా అయ్యే పని కాదు.

2022లో వచ్చిన మరో అధ్యయనం చూపును చర్మం మీంచి నెత్తుటిలోకి మళ్ళించింది. 1995 నుంచి 2020 దాకా సేకరించిన 229 తోడేళ్ళ రక్త నమూనాల్లో టాక్సోప్లాస్మా అనే ఏకకణజీవి జాడ వెతికారు. అది సోకిన తోడేలు సొంత గుంపును వదిలి వెళ్ళే అవకాశం 11 రెట్లు, గుంపుకు నాయకత్వం దక్కించుకునే అవకాశం 46 రెట్లు ఎక్కువని తేలింది. టాక్సోప్లాస్మా లైంగికంగా సంతానోత్పత్తి చేసేది పిల్లి జాతి జంతువుల పేగుల్లోనే. ఎల్లోస్టోన్‌లో ఆ జాతి అంటే ముఖ్యంగా ప్యూమాలు. అవి దట్టంగా ఉన్న చోట్ల తిరిగే తోడేళ్ళలోనే ఈ సోకుడు ఎక్కువ.