ఎవరికి బయట?

మా అమ్మమ్మకి కుడి ఎడమలు చేతులకే. మిగతా లోకమంతా దిక్కులే. మండపేటలో వంటింటి పీటమీద కూచుని, "ఆ తూర్పు గూట్లో ఉప్పు జాడీ ఉంది, కాస్త దక్షిణంగా జరిపి పసుపు డబ్బా తియ్యి" అనేది. సెలవులకి హైదరాబాదునుంచి వచ్చిన నేను నిజంగానే దిక్కులు చూస్తూ నిలబడేదాన్ని. "ఇంత చదివావు, తూర్పేదో తెలీదటే!" అని నవ్వేది.

అది ఆవిడ చాదస్తం అనుకున్నాను. సాహిత్యంలో పరిశోధన చేస్తూ భాషాశాస్త్రంలోకి తొంగిచూశాక గానీ అదొక పద్ధతని తెలియలేదు. 1990లలో ఎరిక్ పెడర్సన్ తమిళనాడులో పరిశీలించి, ఎదురుగా ఉన్న చిన్న వస్తువుల్ని కూడా పల్లెల్లోవాళ్ళు దిక్కులతోనూ, పట్నంవాళ్ళు కుడి ఎడమలతోనూ చెప్పే తీరుని చూపించారు. మెక్సికోలోని తెనెహాపా కొండల్లో త్సెల్తాల్ భాష మాట్లాడేవాళ్ళు చదునైన చోట కూడా 'ఎగువ', 'దిగువ' అంటారని పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1993లో రాశారు. అది చదువుతుంటే నాకు మా గోదావరి కాలవలే కళ్ళముందు కదిలాయి.

కొండలేని డెల్టాకి ఎగువా దిగువా ఇచ్చింది నీరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని వెంట వచ్చిన కాలవలు మనుషులు నేలని చూసే చూపునే మార్చాయి. లాకుకి ఎగువ, లాకుకి దిగువ. ఈ గట్టు, ఆ గట్టు. మెరక, పల్లం. శివారు పొలం అంటే దూరంగా ఉన్న పొలమనే కాదు, నీళ్ళు అందరికీ అందాక ఆఖర్న అందే పొలం. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కి డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. నడుం వంచి ఊడుస్తూ, పిక్కలకి తగిలే నీటిని బట్టి మడిలో ఏది మెరకో ఏది పల్లమో చెప్పగల ఆడవాళ్ళ విద్యకి మాత్రం విగ్రహం లేదు.

పొలం మాటలకి నిఘంటువైనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. మరి ఆడవాళ్ళు ఎక్కడుండాలో చెప్పే మాటల్ని ఏ కోశంలో వెతుక్కోవాలి?

పొలంలో ఎగువ దిగువలకి కొలత నీరు. ఇంట్లో లోపలా బయటా అనడానికి కొలత ఎవరు? అమ్మమ్మ "బయట ఉన్నాను" అందంటే నెలసరి అని అర్థం. సావిట్లో మూల చాపమీద, ఇంటి కప్పు కిందే కూచుని కూడా ఆమె బయటే. మగవాడు గడప దాటితే పనికి పోయినట్టు, ఆడది దాటితే నింద. మగవాడు వీధిన పడితే డబ్బు పోయినట్టు, ఆడది పడితే పోయేది మరొకటి.

రావడం, వెళ్ళడం కూడా అంతే. పెళ్ళయిన పిల్ల అత్తారింటికి 'వెళ్ళింది', ఇక్కడికి 'వచ్చింది' అంటారు పుట్టింటివాళ్ళు. అత్తింటివాళ్ళు దాన్నే తిరగేసి చెబుతారు. ఇద్దరి మాటల్లోనూ ఆమె తాను నిలబడి చూసే చోటు లేదు. చివరికి ఆమే ఒక ఊరి పేరైపోతుంది. రాజోలు అత్తయ్య, పెద్దాపురం పిన్ని, మండపేట అమ్మమ్మ. వీళ్ళ అసలు పేర్లు నాకు పదేళ్ళు దాటాక గానీ తెలియలేదు.

అమ్మమ్మ మాటల్లో ఇంకో బయట ఉంది. దాన్ని నేను చాలా ఆలస్యంగా విన్నాను. ఊడ్పుల రోజుల్లో "పేటలోంచి మనుషులు రాలేదు ఇవాళ" అనేది. మండపేటలోనూ పేట ఉంది, కానీ ఈ పేట వేరు. దళితుల ఇళ్ళు ఊరిని ఆనుకునే ఉన్నా, వాళ్ళు పనికి వస్తే 'ఊళ్ళోకి' వచ్చినట్టే లెక్క. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకి 'మాలపల్లి' అని పేరు పెట్టినప్పుడు ఆ బయటి చోటు తెలుగు పుస్తకం అట్టమీదికి వచ్చింది. మా ఇంటి అరుగుమీదికి రాలేదు. నెలకి మూడు రోజులు బయట కూచున్న అమ్మమ్మ, ఏడాది పొడుగునా బయటే ఉంచబడ్డ ఆ ఆడవాళ్ళకి నీళ్ళు ఎత్తి పోసేది. తనని బయట కూచోబెట్టిన గీత, తాను గీస్తున్న గీత ఒకలాంటివేనని ఆమెకి ఎప్పుడైనా తోచిందా? నేను అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు మండపేటని కోనసీమ జిల్లాలో కలిపారు. మావాళ్ళ మాటలో కోనసీమ అంటే గౌతమికి అవతల, రెండు పాయల మధ్య ఉన్న సీమ. ఏరు దాటకుండానే మా ఊరు కాగితాల మీద అవతలికి చేరింది. దానికి ఎవరూ ఇళ్ళు తగలబెట్టలేదు. ఆ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. ఊరి బయట ఉంచిన వాళ్ళ పేరు ఊరందరి చిరునామాలోకి రావడం భరించలేకపోయారని నాకనిపిస్తుంది. చివరికి ఆ పేరే ఖాయమైంది.

ఇప్పుడు నేను ఫోన్లో "అమ్మా, బయట ఉన్నాను" అంటే, అమ్మ "బస్సు దొరికిందా?" అని అడుగుతుంది. మూడు తరాల్లో మా ఇంట్లో ఆ ఒక్క మాటకి అర్థం మారింది. 'పేటలోంచి' అన్న మాట మాత్రం ఇంకా అమ్మమ్మ పలికినట్టే వినిపిస్తోంది. దాన్ని మార్చుకోవలసింది పేటలోవాళ్ళు కాదు, ఊళ్ళో నిలబడి ఆ మాట అన్న మేమే.