నిర్బంధ చట్టం నుంచి హక్కుల చట్టం దాకా

అంటువ్యాధిని అరికట్టాలంటే అది సోకిన మనిషిని నలుగురికీ దూరంగా ఉంచాలన్న భావన భారతదేశపు ప్రజారోగ్య చట్టాల్లో చాలాకాలం వేళ్లూనుకుని ఉంది. ప్లేగు రోజుల్లో వలస ప్రభుత్వం తెచ్చిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం అధికారుల చేతికి అపరిమితమైన అధికారాలు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన కుష్ఠు రోగుల చట్టం దిక్కులేని రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచడానికి వీలు కల్పించింది. ఆ చట్టాల దృష్టిలో రోగం వేరు, రోగి వేరు కాదు. 1980ల ద్వితీయార్ధంలో హెచ్ఐవీ ఈ దేశంలో బయటపడినప్పుడు ప్రభుత్వాలు మొదట ఆ పాత దృష్టితోనే స్పందించాయి. రోగి హక్కులను కాపాడటమే వ్యాధి నివారణకు సరైన దారి అన్న మాట చట్టంలోకి ఎక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల నగరంలోని సెక్స్ వర్కర్ల నుంచి రక్త నమూనాలు సేకరించగా, వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో జరిపిన పరీక్షల్లో వాటిలో కొన్నింటిలో హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. భారతదేశంలో ఈ వైరస్ జాడ బయటపడటం అదే మొదలు. వైద్యశాస్త్రపరంగా ఇది ఎంత ముఖ్యమైన పరిశోధనో, సామాజికంగా అంత బరువైన పర్యవసానాలకు దారితీసింది. జబ్బు ‘అలాంటి ఆడవాళ్లది’ అన్న ముద్ర మొదటి రోజు నుంచే పడింది. రెండేళ్ల తరువాత, 1988లో, భారత వైద్య పరిశోధన మండలి అధిపతి ఎ.ఎస్. పెయింటల్ విదేశీయులతో లైంగిక సంబంధాలను నిషేధిస్తూ చట్టం తేవాలని సూచించడంతో, అది ‘పరాయివాళ్లది’ అన్న రెండో ముద్ర కూడా తోడైంది. వ్యాధి ఎవరో ఇతరులదని నమ్మిన సమాజం తన ఇంట్లో దాన్ని గుర్తించడానికి సిద్ధపడదు. ఈ నమ్మకం వల్ల పరీక్షకు రాకుండా ఉండిపోయినవారు ఎందరో లెక్కకట్టడం సాధ్యం కాదు.

నిర్బంధ దృష్టి ఎంత దూరం పోగలదో గోవా ఉదంతం చూపిస్తుంది. అక్కడి ప్రజారోగ్య చట్టానికి చేసిన సవరణ ప్రకారం రక్త పరీక్షలో ‘ఎయిడ్స్ ఉన్నట్టు’ తేలిన వ్యక్తిని ప్రభుత్వం వేరుగా ఉంచే వీలుండేది. ఆ మాటల్లోనే ఒక శాస్త్రీయ దోషం ఉంది. హెచ్ఐవీ అనేది శరీరపు రోగనిరోధక శక్తిని క్రమంగా దెబ్బతీసే వైరస్. ఎయిడ్స్ అనేది ఆ శక్తి బాగా సన్నగిల్లి ఇతర జబ్బులు కమ్ముకునే చివరి దశ. చికిత్స లేకపోయినా ఈ రెండింటి మధ్య సాధారణంగా ఏళ్లు గడుస్తాయి. రక్త పరీక్ష చెప్పేది మొదటిదాని గురించే తప్ప రెండోదాని గురించి కాదు. అంటే ఆరోగ్యంగా తిరుగుతూ, పని చేసుకుంటూ, పక్కవారికి మాట ద్వారా, గాలి ద్వారా, కలిసి తినడం ద్వారా ఏ అపాయమూ కలిగించని మనిషిని కూడా బంధించే అధికారం ఆ చట్టం ఇచ్చింది.

ఆ అధికారానికి గురైనవాడు డొమినిక్ డిసౌజా అనే గోవా యువకుడు. ఎన్నోసార్లు స్వచ్ఛందంగా రక్తదానం చేసిన అతన్ని, ఆ రక్తంలో హెచ్ఐవీ ఉన్నట్టు తేలాక, 1989 ఫిబ్రవరిలో మపుసా పోలీసు స్టేషనుకు పిలిపించి, కారణం చెప్పకుండా ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి రిజిస్టరులో తన పేరు పక్కన ఎయిడ్స్ అన్న మాట కనబడినప్పుడే అతనికి సంగతి తెలిసింది. రోగికి అతని జబ్బు సంగతి చెప్పవలసింది వైద్యుడు. ఇక్కడ ఆ పని ఆసుపత్రి రిజిస్టరు చేసింది. ఆ తరువాత పాడుపడిన క్షయ చికిత్సాలయంలో, పోలీసు కాపలా మధ్య, 64 రోజులు అతన్ని ఒంటరిగా ఉంచారు.

అతని తల్లి లూసీ డిసౌజా బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. ఈ వైరస్ సహవాసం వల్ల సోకదు గనుక నిర్బంధం వల్ల ప్రయోజనం లేదనీ, పైగా పట్టుబడతామన్న భయంతో జనం పరీక్షలకే రాకుండా పోతారనీ ఆమె తరఫున వాదించారు. మధ్యంతర ఉత్తర్వుతో డొమినిక్ ఇంటికి చేరినా, తుది తీర్పులో హైకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. వ్యక్తి హక్కుకూ సమాజ శ్రేయస్సుకూ పోటీ వచ్చినప్పుడు మొదటిది తలవంచాలని పేర్కొంది. ఆ పోటీ నిజంగా ఉందా అన్న ప్రశ్న దగ్గరే తీర్పు పొరబడిందని చెప్పక తప్పదు. ఆస్ట్రేలియా న్యాయమూర్తి మైకేల్ కిర్బీ ‘ఎయిడ్స్ వైరుధ్యం’ అని పిలిచిన సూత్రం సరిగ్గా ఇదే: వైరస్ సోకినవారి హక్కులను కాపాడటమే సోకనివారిని కాపాడే మార్గాల్లో బలమైనది. డొమినిక్ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. తనలాంటివారి కోసం ‘పాజిటివ్ పీపుల్’ అనే సంస్థకు పునాది వేసి, 1992లో కన్నుమూశాడు.

తరువాతి దశలో మార్పు తెచ్చినవి నినాదాల కన్నా కోర్టుల్లో నడిచిన చిన్న ఏర్పాట్లే. ఒక ప్రభుత్వరంగ సంస్థలో దినకూలీగా పనిచేస్తూ, హెచ్ఐవీ ఉందన్న కారణంతో పని కోల్పోయిన వ్యక్తి బొంబాయి హైకోర్టుకు వెళ్లినప్పుడు, అసలు పేరు లేకుండా ‘ఎంఎక్స్’ అన్న మారుపేరుతో వ్యాజ్యం నడపడానికి న్యాయస్థానం అనుమతించింది. పని చేయగల శక్తి ఉండి, తోటివారికి ముప్పు లేనప్పుడు వైరస్ ఒక్కటే తొలగింపుకు కారణం కారాదని 1997లో తీర్పు చెప్పింది. తీర్పు ఎంత విలువైనదో మారుపేరు కూడా అంత విలువైనది; న్యాయం అడగాలంటే ఊరందరికీ జబ్బు చాటుకోవాలన్న షరతు ఉన్నంతకాలం హక్కు కాగితం మీదే ఉంటుంది. అయితే ఈ దారి నేరుగా సాగలేదు. ఆసుపత్రి తన పరీక్ష ఫలితం బయటపెట్టడంతో పెళ్లి ఆగిపోయిన వ్యక్తి వేసిన కేసులో, 1998లో సుప్రీంకోర్టు హెచ్ఐవీ ఉన్నవారి వివాహ హక్కు నిలిచిపోతుందన్నట్టు వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యలను 2002లో పక్కనపెట్టింది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. 2000ల తొలినాళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. పులిరాజా అనే కల్పిత పాత్రకు ఎయిడ్స్ వస్తుందా అని కూడళ్లలో హోర్డింగులు ప్రశ్నించిన ప్రచారం అప్పటిదే. నలుగురిలో ఎత్తడానికి జంకే విషయాన్ని టీకొట్ల దగ్గరికి తెచ్చిన ఘనత దానికి దక్కుతుంది. కానీ జబ్బు గురించి తెలియడం వేరు, జబ్బు ఉన్న మనిషి పక్కన కూర్చోవడం వేరు. 2004 ఏప్రిల్ 1న ఈ ఆరు రాష్ట్రాల్లో ఉచిత ఏఆర్‌టీ, అంటే వైరస్ పెరుగుదలను అణచే మందుల చికిత్స, మొదలైన తరువాత కూడా, తెలిసినవారి కంటపడకుండా దగ్గరి కేంద్రాన్ని వదిలి దూరపు జిల్లాలో పేరు నమోదు చేయించుకున్నవారూ, సీసా మీది చీటీ చింపేసి మాత్రలు దాచుకున్నవారూ ఉన్నారు. ఆ మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుంచి లైంగికంగా మరొకరికి అది సోకదని ఇప్పుడు నిర్ధారణ అయింది. కాబట్టి మాత్ర దాచుకునేలా చేసే భయం ఆ రోగితో పాటు సమాజానికీ హాని చేస్తుంది.

రోగుల సంఘాలూ, లాయర్స్ కలెక్టివ్ వంటి న్యాయవాదుల సంస్థలూ ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా 2017లో పార్లమెంటు హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. అది 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా, ఏ విషయంలోనూ వివక్ష చూపరాదనీ, విషయం వివరించి సమ్మతి పొందకుండా పరీక్ష చేయరాదనీ, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలనీ అది నిర్దేశిస్తుంది. మారుపేరుతో వ్యాజ్యం నడుపుకునే వీలును కూడా చట్టమే కల్పించింది. జబ్బు వల్ల తల్లిదండ్రులు తమ బాధ్యతలు నిర్వర్తించలేని ఇళ్లలో, తగిన పరిణతి ఉన్న 12 నుంచి 18 ఏళ్ల లోపు అక్క గానీ అన్న గానీ చిన్నవారి బడి ప్రవేశానికీ, వైద్యానికీ సంరక్షకులుగా సంతకం చేయవచ్చన్న నిబంధన, ఈ చట్టం రాసినవారు బాధిత కుటుంబాలను ఎంత దగ్గరగా చూశారో తెలుపుతుంది. చికిత్స అందించే బాధ్యత దగ్గర ‘సాధ్యమైనంత మేరకు’ అన్న మాట చేర్చడాన్ని రోగుల సంఘాలు తప్పుపట్టాయి. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

ఈ చట్టం ప్రకారం 100 మంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలోనూ, ఆసుపత్రుల్లోనైతే 20 మంది ఉన్నా, వివక్ష ఫిర్యాదులు స్వీకరించే అధికారి ఒకరు ఉండాలి. ఆపైన రాష్ట్ర స్థాయిలో అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించి ఆదేశాలిచ్చే అధికారి, ఉండాలి. అలాంటి సంస్థల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న పాఠకులు తమ దగ్గర ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో అడిగి తెలుసుకోవాలి. ఎవరూ లేకపోతే నియమించమని యాజమాన్యాన్ని కోరాలి.